చెమట పట్టని బిడ్డను ఎండల నుంచి కాపాడుకోవడం ఎలా?

పుట్టుకతోనే చర్మం, వెంట్రుకలు, పళ్ళు, చెమట గ్రంథులు సరిగ్గా ఏర్పడని జబ్బు ఒకటి ఉంది. వైద్యులు దానిని హైపోహైడ్రాటిక్ ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేజియా అంటారు, చీటీల మీద హెచ్.ఇ.డి. అని రాస్తారు. కడుపులో పిండం పెరిగేటప్పుడు దాని పైపొర నుంచే చర్మమూ, జుట్టూ, పళ్ళూ, చెమట గ్రంథులూ తయారవుతాయి. ఆ పొరకు అందవలసిన ఒక సంకేతం జన్యు లోపం వల్ల అందకపోవడంతో ఇవన్నీ ఒకేసారి దెబ్బతింటాయి. ఇది చాలా అరుదైన జబ్బు కాబట్టి ఊళ్ళో మరొకరికి ఉండి, వారిని చూసి నేర్చుకునే అవకాశం తల్లిదండ్రులకు సాధారణంగా దొరకదు. ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేసినా ఫరవాలేదో తెలియక నలిగిపోతున్న వారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

ఇంట్లోవాళ్ళు మొదట జుట్టు గురించి, ఆ తర్వాత పళ్ళ గురించి దిగులు పడతారు. చెమట సంగతి అందరికంటే చివర గుర్తుకొస్తుంది. నిజానికి ప్రాణం మీదికి తెచ్చేది అదే. ఒంట్లో పుట్టిన వేడి బయటకు పోవడానికి మనిషికి ఉన్న పెద్ద దారి చెమట. అది ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఈ పిల్లలకు చెమట గ్రంథులు అసలు ఉండవు, లేదా చాలా తక్కువగా ఉంటాయి. మే నెలలో 44 డిగ్రీలు దాటే నల్లగొండలోను, రాళ్ళూ గుట్టలూ సాయంత్రం దాకా సెగలు కక్కే పాలమూరు పల్లెల్లోను ఇటువంటి బిడ్డను పెంచడమంటే, బిడ్డకు లేని చెమటను మనం బయటి నుంచి నీళ్ళ రూపంలో ఇవ్వడమే. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగతా జాగ్రత్తలు చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి.

అనుమానం ఎప్పుడు రావాలి?

కొందరు పిల్లలకు పుట్టినప్పుడే ఒంటి నిండా చర్మం పొరలు పొరలుగా ఊడుతుంది. ఆ తర్వాత నెలల తరబడి కారణం తెలియని జ్వరాలు వస్తాయి. దవాఖానాలో రక్తం, మూత్రం పరీక్ష చేస్తారు, ఏమీ కనిపించదు, మందులిచ్చి పంపుతారు, మధ్యాహ్నం ఎండ ముదరగానే మళ్ళీ ఒళ్ళు కాలిపోతుంది. పొద్దున చల్లగా ఉండి పగలు కాలిపోయే జ్వరం, తడిగుడ్డ చుట్టగానే దిగిపోయే జ్వరం కనిపిస్తే చెమట గురించి ఆలోచించాలి. బిడ్డ ఎంతసేపు ఏడ్చినా, ఆడినా, పాలు తాగినా నుదురు, మెడ, వీపు పొడిగానే ఉన్నాయేమో ఒక వారం పాటు గమనించండి.

తలమీద జుట్టు పలచగా, సన్నగా, తరచుగా లేత రంగులో ఉంటుంది. కనుబొమ్మలు, కనురెప్పల వెంట్రుకలు ఉన్నాయా లేవా అన్నట్టుగా ఉంటాయి. కళ్ళ చుట్టూ చర్మం నల్లబడి సన్నని ముడతలు పడుతుంది. ముక్కు దూలం అణిగి, పెదవులు కాస్త ముందుకు వచ్చి ఉంటాయి, గొంతు బొంగురుగా ఉంటుంది. ఏడాది దాటినా పళ్ళు రాకపోవడం, వచ్చిన ఒకటి రెండు పళ్ళు మొనదేలి ఉండడం అన్నింటికంటే గట్టి గుర్తు.

పళ్ళ దగ్గర మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చౌటుప్పల్ వైపు పళ్ళు బాగాలేని పిల్లవాడిని చూడగానే ‘ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల’ అనేస్తారు. తరతరాలుగా ఆ నీళ్ళతో నలిగిన ప్రాంతం కాబట్టి అలా అనుకోవడంలో తప్పు లేదు. నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి నల్లగొండ పేరే ప్రపంచమంతటా స్థిరపడిపోయింది కూడా. అయితే ఆ రెండింటికీ తేడా తేలికగానే పట్టుకోవచ్చు. ఫ్లోరోసిస్‌లో పళ్ళ సంఖ్య తగ్గదు. పళ్ళన్నీ వస్తాయి, కానీ వాటి మీద తెల్లటి, పసుపుపచ్చని లేదా గోధుమరంగు చారలు పడతాయి, గుంటలు పడతాయి. అవే నీళ్ళు తాగిన అక్కాచెల్లెళ్ళకూ, పక్కింటి పిల్లలకూ అవే చారలు కనిపిస్తాయి. హెచ్.ఇ.డి.లో రావలసిన పళ్ళు అసలు రావు, వచ్చినవి కోసుగా, చిన్నగా, ఎడం ఎడంగా ఉంటాయి, చిగురు కత్తి అంచులా పలచబడి ఉంటుంది. సాధారణంగా 28 నుంచి 32 దాకా రావలసిన శాశ్వత దంతాలు ఈ జబ్బు పూర్తిగా ఉన్నవారిలో సగటున 9 మాత్రమే వస్తాయి. కాబట్టి చారలు చూడకండి, పళ్ళు లెక్కపెట్టండి. పంటి ఎక్స్‌రే ఒక్కటి తీయిస్తే చిగురు లోపల పళ్ళ మొగ్గలు ఉన్నాయో లేవో తేలిపోతుంది.

వైద్యుడు చేసే ఒక చిన్న పరీక్షను మీరూ దగ్గరుండి చూడవచ్చు. మామూలు మనిషి వేలి కొసను మంచి వెలుతురులో భూతద్దం కింద పెడితే గీతల గట్ల మీద వరుసగా సన్నని చుక్కలు కనిపిస్తాయి, అవి చెమట రంధ్రాలు. ఈ పిల్లల వేళ్ళ మీద ఆ చుక్కలు ఉండవు, లేదా అక్కడక్కడా ఉంటాయి, గట్లు కూడా నున్నగా, అణిగిపోయినట్టుగా ఉంటాయి. చర్మానికి అయోడిన్ పూసి, పైన పిండి చల్లి చేసే పరీక్ష ఇంకొకటి ఉంది. చెమట వచ్చిన చోట పిండి నల్లబడుతుంది, రాని చోట తెల్లగానే ఉంటుంది. ఇవి అనుమానాన్ని బలపరుస్తాయి. తుది మాట జన్యు పరీక్షది.

బాలింత ఇంట్లో మార్చుకోవలసినవి

మన ఇళ్ళలో పుట్టిన బిడ్డకు నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, కాగిన నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ చూపించి, తలకు టోపీ పెట్టి, ఒళ్ళంతా బిగించి చుట్టి పడుకోబెడతారు. చలికాలంలో మామూలు బిడ్డకు ఈ వెచ్చదనం హాయిగానే ఉండవచ్చు. చెమట పట్టని బిడ్డకు ఈ వరుసలో ప్రతి మెట్టూ వేడిని పెంచుతుంది, ఆ వేడి బయటకు పోయే దారి లేదు. చుట్టిన బట్టలో బిడ్డ జ్వరంతో కాలిపోతూ ఉంటే ‘గాలి తగిలింది’ అని ఇంకో గుడ్డ కప్పడం నేను చూశాను. నాయనమ్మకో అమ్మమ్మకో ఈ సంగతి నచ్చజెప్పడం కష్టమే గాని, మొదటి ఏడాదే ఈ పిల్లలకు ఎక్కువ ప్రమాదం కాబట్టి మొహమాటపడకూడదు. వారిని తప్పుపట్టకుండా, ‘అమ్మా, వీడికి చెమట రాదు, అందుకే డాక్టరు చుట్టవద్దన్నాడు’ అని వైద్యుడి నోటి మాటగా చెబితే చాలావరకు వింటారు.

స్నానానికి గోరువెచ్చని నీళ్ళు చాలు, ఎండాకాలంలో చల్లదనం పోయిన మామూలు నీళ్ళు చాలు. పిండితో నలవకండి, ఆ చర్మం ముందే పొడిబారి పలచగా ఉంటుంది. పొగ వేయవద్దు. ఈ పిల్లల ముక్కులోను, ఊపిరి గొట్టాలలోను తేమనిచ్చే గ్రంథులు కూడా తక్కువ, పొగతో దగ్గు, ఆయాసం పెరుగుతాయి. ఒక పలచని నూలు జుబ్బా తొడిగితే సరిపోతుంది. అరికాలు చల్లగా ఉందా అని కాక ఛాతీ, వీపు వేడెక్కాయా అని చేత్తో చూడండి. చెయ్యి పొరపాటు పడుతుంది కాబట్టి మందుల దుకాణంలో దొరికే డిజిటల్ థర్మామీటర్ ఇంట్లో తప్పక ఉండాలి.

తల్లికి పాలు తక్కువైతే ఆమె తిండిని, ఆమె నిర్లక్ష్యాన్ని తప్పుపట్టకండి. ఈ జబ్బు జన్యువును మోస్తున్న తల్లుల్లో కొందరికి పాల గ్రంథులే తక్కువగా ఏర్పడతాయి. బిడ్డ బరువు పెరుగుతున్నాడా లేదా అన్నది ఏఎన్ఎం దగ్గర క్రమం తప్పకుండా తూయించి చూసి, అవసరమైతే వైద్యుడి సలహాతో పైపాలు మొదలుపెట్టాలి.

ఎండాకాలం గడపడం

ముందుగా ఫ్యాను గురించి చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది అక్కడే. గది గాలి మన చర్మం కంటే చల్లగా ఉన్నంతవరకే ఫ్యాను ఒంటి వేడిని లాగేస్తుంది. మధ్యాహ్నం గది 38, 40 డిగ్రీలకు చేరాక ఫ్యాను తోసేది వేడి గాలినే. మనకు చెమట ఉంటుంది కాబట్టి ఆ గాలికి ఆరి చల్లబడతాం. ఆ బిడ్డ ఒళ్ళు పొడిగా ఉంటుంది కాబట్టి ఆ వేడి గాలి ఒంట్లోకే ఎక్కుతుంది. అందువల్ల ఫ్యాను కింద పడుకోబెట్టి పనికి వెళ్ళిపోవడం ఏమాత్రం సరిపోదు. ముందు ఒళ్ళు తడపాలి, తర్వాతే ఫ్యాను వేయాలి.

తడపడానికి అన్నింటికంటే మంచిది పలచని నూలు బనియన్. దానిని నీళ్ళలో ముంచి, కారకుండా పిండి, తొడగాలి. ఎండిపోగానే మళ్ళీ ముంచాలి. మే నెల పొడి గాలిలో ఇది త్వరగా ఆరిపోతుంది, కాబట్టి మళ్ళీ మళ్ళీ తడుపుతూనే ఉండాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఆరే ప్రతిసారీ అది బిడ్డ ఒంట్లోంచి వేడిని తీసుకుపోతోంది. నైలాన్, పాలిస్టర్ బట్టలు నీటిని పట్టవు, అవి వద్దు. సెలూన్లలో జుట్టు తడపడానికి వాడే స్ప్రే బాటిల్ ఒకటి కొని బిడ్డ చేతికే ఇస్తే, నాలుగైదేళ్ళ వయసుకు ముఖం, మెడ, చేతులు తానే తడుపుకోవడం నేర్చుకుంటాడు. తలమీద జుట్టు తక్కువ కాబట్టి తడి టోపీ గాని, తల చుట్టూ తడి తువ్వాల గాని బాగా పనిచేస్తుంది.

నీళ్ళు ఎక్కడివన్నది కూడా చూసుకోవాలి. డాబా మీద నల్ల ట్యాంకులో నిలిచిన నీళ్ళు మధ్యాహ్నం రెండింటికి చెయ్యి పెట్టలేనంతగా కాగి ఉంటాయి. కంగారులో ఆ నల్లా తిప్పి బిడ్డను దాని కింద నిలబెట్టకండి. పొద్దున్నే రెండు బకెట్లు నింపి ఇంట్లో నీడన పెట్టుకోండి, రంజన్‌లో తాగడానికి వేరుగా నింపుకోండి. చల్లని నీళ్ళు కొద్దికొద్దిగా, తరచుగా తాగించడం ఒంటిని లోపలి నుంచి చల్లబరుస్తుంది. ఓఆర్ఎస్ విరేచనాలు, వాంతులు అయినప్పటి మందు. చెమట ద్వారా ఉప్పు పోని ఈ బిడ్డకు ఎండ ఉందన్న ఒక్క కారణంతో రోజూ అది తాగించనక్కరలేదు.

కూలర్ మన ప్రాంతపు పొడి ఎండలకు సరిగ్గా సరిపోయే వస్తువు. కిటికీ ఒకటి తెరిచి ఉంచి వాడాలి, తలుపులన్నీ మూస్తే గదిలో తేమ పేరుకుపోయి ఉక్కపోతగా మారుతుంది, తడిసిన బట్ట ఆరదు. జూన్, జూలైలలో వానలు పడీ పడకుండా ఉక్కబోసే రోజుల్లో కూలరూ తడిబట్టా రెండూ సగమే పనిచేస్తాయి. చాలామంది మృగశిర కార్తె వచ్చిందని ఊపిరి పీల్చుకుంటారు గాని, ఈ బిడ్డకు ఆ రోజులు కూడా ప్రమాదమైనవే. అప్పుడు తరచుగా స్నానం చేయించడం, ఆటలు తగ్గించడం, వీలున్నవారు ఏసీ గది ఏర్పాటు చేసుకోవడం తప్ప మరో దారి లేదు. రేకుల ఇల్లయితే రేకుల మీద వరిగడ్డో, కొబ్బరి మట్టలో పరిచినా, సున్నం కొట్టించినా లోపల వేడి కొంత తగ్గుతుంది. అయినా మధ్యాహ్నం పూట బిడ్డను రేకుల కింద కంటే చిక్కని వేప నీడలో తడిబనియన్‌తో ఉంచడమే మేలు. పత్తి చేనుకు, వరి కోతకు వెంట తీసుకెళ్ళక తప్పనివారు చెట్టు కింద నీళ్ళ క్యాను, తడపడానికి పాత చీర ముక్క, బిడ్డను చూస్తూ కూర్చునే మనిషి, ఈ మూడూ లేకుండా వెళ్ళవద్దు. మోటారు సైకిల్ మీద వడగాలికి ఎదురుగా వెళ్ళడం పొడి ఒంటికి మంట ముందు కూర్చోవడంతో సమానం. ప్రయాణం తెల్లవారుజామున పెట్టుకోవాలి, తప్పనిసరైతే బిడ్డను తడి తువ్వాలలో ఉంచాలి.

ఒళ్ళు కాలినప్పుడు

థర్మామీటర్ 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి చూపిస్తే మొదట బట్టలు తీసి, చల్లని చోటికి మార్చి, ఒళ్ళంతా తడిపి గాలి విసరాలి. ఎండ వల్ల పెరిగిన వేడికి పారాసిటమాల్ పనిచేయదు. మందు వేసి ఎదురుచూస్తూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది. అరగంటలో వేడి దిగి, బిడ్డ మామూలుగా ఆడుతూ తాగుతూ ఉంటే అది చాలావరకు ఎండ వేడే. దిగకపోయినా, దిగి మళ్ళీ చల్లటి గదిలోనే పెరిగినా, దగ్గు, ఆయాసం, చెవినొప్పి, విరేచనాలు తోడైనా అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే వైద్యుడికి చూపించాలి. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం వస్తే ఈ పరీక్షలేవీ పెట్టుకోకుండా, ఒళ్ళు తడుపుతూనే దవాఖానాకు తీసుకెళ్ళాలి. ఒక నోటుపుస్తకంలో వేళ, ఒంటి వేడి, అప్పుడు ఎక్కడున్నాడు, ఏం చేస్తే ఎంతసేపటికి దిగింది అన్నవి రాసి పెట్టుకుంటే, తర్వాత వైద్యుడికి అది ఎన్నో పరీక్షల కంటే ఎక్కువ చెబుతుంది.

బిడ్డ మత్తుగా తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, వాంతులు చేసుకుంటున్నా, ఫిట్స్ వచ్చినా, వేడి 104 దాటినా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయాలి, ఆ బండి వచ్చేదాకా ఆగకుండా చల్లటి నీళ్ళు పోస్తూ, మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టిన ఐసుముక్కలు పెట్టాలి. స్పృహ సరిగ్గా లేని బిడ్డ నోట్లో నీళ్ళు గాని మందు గాని పోయకూడదు. ‘చెమట పడుతోందా?’ అని దవాఖానాలో అడిగితే, ఈ బిడ్డకు పుట్టుకతోనే చెమట రాదని గట్టిగా చెప్పండి.

పళ్ళు, తిండి

ఈ పిల్లల తెలివితేటలు సాధారణంగా అందరు పిల్లల్లాగే ఉంటాయి. మాట స్పష్టంగా రాకపోతే అందుకు కారణం చాలాసార్లు పళ్ళు లేకపోవడమే. అందుకే కట్టుడు పళ్ళు ముసలితనపు వస్తువనుకుని ఆగకూడదు. మూడేళ్ళ వయసు నుంచే చిన్న కట్టుడు పళ్ళ సెట్టు పెట్టవచ్చు. నమలడం, మాట్లాడడం, ముఖం తీరు మూడూ మారతాయి. దవడ పెరిగేకొద్దీ సెట్టు బిగుతవుతుంది కాబట్టి రెండు మూడేళ్ళకోసారి కొత్తది చేయించాలి, ఆ ఖర్చుకు ముందే సిద్ధపడాలి. ఉన్న కోసు పళ్ళను పీకించకండి. వాటికే పూత వేసి పంటి ఆకారం తెస్తారు, సెట్టు నిలవడానికీ అవే ఆసరా. దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్లు సాధారణంగా ఎదుగుదల ఆగాకే పెడతారు, కింది దవడ ముందు భాగంలో మాత్రం కొందరు పిల్లలకు ముందే పెట్టిన సందర్భాలున్నాయి. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ఈ పని చేసే విభాగాలున్నాయి. నార్కెట్‌పల్లిలోను, మహబూబ్‌నగర్‌లోను దంత కళాశాలలున్నాయి, మొదటి పరీక్ష అక్కడ చేయించుకోవచ్చు.

లాలాజలం కూడా తక్కువ కాబట్టి ఉన్న ఆ నాలుగు పళ్ళు త్వరగా పుచ్చుతాయి. రోజూ రెండుపూటలా తోమించాలి, టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ ఎంతుండాలో మీరు తాగే నీళ్ళు ఎక్కడివో చెప్పి దంతవైద్యుడినే అడగాలి. తిండి విషయంలో మన ఇళ్ళలో దారి ఉంది. జొన్న గట్క, అంబలి, మెత్తగా చేసిన పప్పన్నం, పాలలో నానిన రొట్టె, బాగా ఉడికిన గుడ్డు, ఇవన్నీ నమలకుండా మింగగలిగినవే. పొడి పొడిగా ఉన్న అన్నం, గట్టి సర్వపిండి గొంతులో పట్టుకుంటాయి, ప్రతి నాలుగు ముద్దలకు ఒక గుక్క నీళ్ళు అలవాటు చేయండి.

చర్మం, కళ్ళు, ముక్కు, జుట్టు

స్నానం కాగానే, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ పూయాలి. గజ్జి లాంటి దద్దుర్లు వస్తే సొంతంగా స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు కొని వాడవద్దు. మధ్యాహ్నపు ఎండలో ఒంటికి చిక్కటి నూనె పట్టించి వదిలేస్తే పైన పోసిన నీళ్ళు చర్మాన్ని తడపవు, నూనె రాత్రిపూటకు ఉంచుకోండి. ముక్కులో చీమిడి గట్టిపడి వాసన వస్తుంది, ఉప్పునీటి చుక్కలు రోజూ వేసి మెత్తబరచాలి, పిన్నీసులతో తీయకూడదు. కన్నీళ్ళు తక్కువైన కళ్ళకు వైద్యుడు చుక్కలు రాస్తాడు. చెవి గులిమి గట్టిపడి వినికిడి తగ్గుతుంది, ఆరు నెలలకోసారి చూపించాలి.

జుట్టు విషయంలో డబ్బు పారేసుకోకండి. యాదగిరిగుట్టలో పుట్టువెంట్రుకలు తీయించడం మీ మొక్కు, అది తీర్చుకోండి, కానీ గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని పదేపదే గొరిగించడం వల్ల గాని, ఉల్లిరసం, గుడ్డుసొన పట్టించడం వల్ల గాని లేని కుదుళ్ళు రావు. వయసుతో కొంత జుట్టు పెరగవచ్చు, మగపిల్లలకు గడ్డం, మీసం తరచుగా మామూలుగానే వస్తాయి.

ఎక్కడికి, ఏం తీసుకుని వెళ్ళాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న పెద్ద దవాఖానాలలో చర్మవ్యాధుల విభాగంతో మొదలుపెట్టవచ్చు. అంగన్‌వాడీకి, బడికి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి చూపిస్తే వారూ పై దవాఖానాకు రాసి పంపుతారు. జన్యు పరీక్షకు హైదరాబాదు వెళ్ళాలి. పంజాగుట్ట నిమ్స్ దవాఖానా, ఉప్పల్‌లోని డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ రెండూ కలిసి 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రం. బిడ్డ జ్వరాల నోటుపుస్తకం, పంటి ఎక్స్‌రే, పాత చీటీలతో పాటు తల్లివైపు మగవారి వివరాలు తీసుకెళ్ళండి. మేనమామలకు, అమ్మమ్మ అన్నదమ్ములకు పళ్ళు, జుట్టు ఎలా ఉండేవి, చిన్నప్పుడే జ్వరాలతో పోయిన మగపిల్లలు ఎవరైనా ఉన్నారా అన్నది పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. మాటిమాటికీ న్యుమోనియా, చీముగడ్డలు వస్తుంటే ఆ మాట తప్పక చెప్పండి, ఈ జబ్బులోనే రోగనిరోధక శక్తి తగ్గే వేరే రకం ఒకటి ఉంది, దానికి పరీక్షలు వేరు. ఏ ఆపరేషనైనా చేయవలసివస్తే మత్తు డాక్టరుకు ముందుగా తెలియజేయాలి, ఎందుకంటే ఆపరేషన్‌లో వాడే కొన్ని మందులు చెమటను, తేమను ఇంకా తగ్గిస్తాయి.

ఎవరి తప్పు?

ఎవరి తప్పూ కాదు. ఈ మాట కోడలిని నిందించే ప్రతి ఇంట్లో గట్టిగా చెప్పాలి. ఎక్కువమందిలో లోపం, జన్యువులను మోసే ఎక్స్ క్రోమోజోమ్ మీది ఈడీఏ అనే జన్యువులో ఉంటుంది. దానిని 1996లో గుర్తించారు. మగవారికి ఒక్క ఎక్స్ మాత్రమే ఉంటుంది, తల్లికి రెండు ఎక్స్‌లు ఉంటాయి కాబట్టి ఆమెకు కొద్దిపాటి లక్షణాలే ఉండవచ్చు, ఒకటి రెండు పళ్ళు తక్కువ, ఒంటి మీద చెమట పట్టని పట్టీలు, అక్కడక్కడా పలచని జుట్టు. ఆమెకు పుట్టే ప్రతి కొడుకుకు జబ్బు వచ్చే అవకాశం సగం, ప్రతి కూతురికి ఆ జన్యువు అందే అవకాశం సగం. జబ్బున్న మగవాడి కొడుకులకు రాదు, కూతుళ్ళందరికీ జన్యువు అందుతుంది. సింధు ప్రాంతంలోని ఒక కుటుంబంలో నాలుగు తరాలలో పదిమంది మగవారు పళ్ళు, జుట్టు తక్కువై, ఎండల్లో బాధపడేవారని, ఆడపిల్లలకు రాకపోయినా వారి కొడుకులకు వచ్చేదని చార్లెస్ డార్విన్ 1875లోనే రాశాడు. కొన్ని ఇళ్ళలో తల్లికి ఆ జన్యువు లేకుండానే బిడ్డలోనే కొత్తగా మార్పు వస్తుంది, అందుకే తల్లికి కూడా పరీక్ష చేశాకే తర్వాతి కాన్పు గురించి మాట్లాడాలి.

మేనరికం సంగతి కొంచెం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చే రకానికి మేనరికం కారణం కాదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒక్కొక్క లోపం అందితే వచ్చే రకాలు వేరే ఉన్నాయి, అవి ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వస్తాయి, ప్రతి కాన్పులో నాలుగో వంతు అవకాశం ఉంటుంది, దగ్గరి సంబంధాలలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. ఇంకొకటి, జబ్బున్న మేనమామకు అక్క కూతురిని ఇచ్చే ఆలోచన ఉంటే, ఆమె కూడా ఆ జన్యువును మోస్తున్నట్టయితే ఆడపిల్లలకు సైతం పూర్తి జబ్బు రావచ్చు. సంబంధం ఖాయం చేసుకునే ముందే నిమ్స్‌లో జన్యు సలహా తీసుకోండి.

గర్భంలోనే వైద్యం చేసే ప్రయత్నం ఒకటి జరుగుతోంది. జర్మనీలో ఒక తల్లి కడుపులోని కవల మగపిల్లలకు ఉమ్మనీటిలోకి లోపించిన ప్రొటీన్‌ను ఇచ్చారని, పుట్టాక వారికి చెమట పట్టిందని, మరో బిడ్డకూ అలాగే చేశారని 2018లో ప్రచురించారు. ఇది పరిశోధన స్థాయిలో ఉన్న వైద్యం. పుట్టిన బిడ్డకు చెమట తెప్పించే మందు ఉందని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు.

బడిలో, ఇతరుల సంరక్షణలో

మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలైనా, పన్నెండున్నరకు ఇంటికి నడిచివచ్చే ఆ దారే బిడ్డకు రోజంతటిలోకి గడ్డుది. ఎవరో ఒకరు తడి తువ్వాలతో ఎదురెళ్ళాలి. ముంబయికో పుణెకో వలస వెళ్ళేవారు బిడ్డను అమ్మమ్మ దగ్గర ఉంచితే, థర్మామీటర్ చూడడం, బనియన్ తడపడం ఆమె చేత మీ ఎదుటే చేయించి వెళ్ళండి, పక్కింటి మనిషికి కూడా చెప్పండి. ఊరి ఆశా కార్యకర్త ఫోన్ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

బడికి నోటిమాటగా చెబితే టీచరు మారగానే మరచిపోతారు. కాగితం మీద రాసి, వైద్యుడి చీటీ జతచేసి ఇవ్వాలి. ఇలా రాయవచ్చు:

‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, మా బాబుకు పుట్టుకతో చెమట గ్రంథులు లేవు. ఇది అంటువ్యాధి కాదు. ఎండలో, ఆటలో ఒంటి వేడి త్వరగా పెరిగి ప్రాణాపాయం కలగవచ్చు. కాబట్టి తరగతిలో కిటికీ పక్కన కూర్చోబెట్టగలరు. టోపీ, తడి బనియన్, స్ప్రే బాటిల్, నీళ్ళ సీసా వాడుకోవడానికి, అడిగిన వెంటనే నీళ్ళ దగ్గరకు వెళ్ళడానికి అనుమతించగలరు. ప్రార్థన సమయంలో, పీఈటీ పీరియడ్‌లో నీడలో ఉంచగలరు. ముఖం ఎర్రబడినా, తలనొప్పి అన్నా, మత్తుగా ఉన్నా ముందు తల, ఒళ్ళు తడిపి, తర్వాత మాకు ఫోన్ చేయగలరు. స్పృహ తప్పితే ఒళ్ళు తడుపుతూనే 108కి ఫోన్ చేయగలరు. పళ్ళు, జుట్టు లేవని తోటి పిల్లలు ఏడిపించకుండా చూడగలరని మనవి.’

దీని నకలు ఒకటి తరగతి ఉపాధ్యాయుడికి, ఒకటి మధ్యాహ్న భోజనం వండే అమ్మకు ఇవ్వండి. మెత్తని అన్నం ఆమె విడిగా తీసి పెట్టగలదు. జూన్‌లో బడి తెరిచిన ప్రతిసారీ కొత్త టీచరుకు మళ్ళీ ఇవ్వాలి.